క్యాటలాగ్‌లో గుంజినంత ప్యాకింగ్ ప్లాంట్‌లో గుంజదు

డెమో రోజు మా అడ్మిన్ బ్లాక్‌లో గారడీ ఆటే జరిగింది. తెల్ల చొక్కా సేల్స్ అబ్బాయి కార్పెట్ మీద గుప్పెడు నట్లు, బోల్టులు, ఇంత ఇసుక పోసి దుమ్ము గుంజే వాక్యూమ్ మెషిన్ ఆన్ చేసి పైపు అలా చూపించాడో లేదో, టకటకమని అన్నీ లోపలికి పోయాయి. మా పర్చేజ్ సారు ముఖం వెలిగిపోయింది. "బాబూ, ఒక్కసారి ప్యాకింగ్ ప్లాంట్‌కు పోదాం పా, ఎలివేటర్ పిట్‌లో పెట్టి చూద్దాం" అన్నాను. సిమెంట్‌ను పైకి మోసే ఎలివేటర్ కింద గుంత అది. అతను వాచీ చూసుకున్నాడు. హైదరాబాద్ తిరిగి పోవాలి సార్, మళ్లొచ్చినప్పుడు చూపిస్తా అన్నాడు. ఆ వాచీ చూసుకోవడం దగ్గరే నాకు అర్థం కావాల్సింది. కాలేదు. కొన్నాం.

నేను వాడపల్లి వైపు ఒక సిమెంట్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్‌లో ఉంటాను, హౌస్‌కీపింగ్ కూడా నా నెత్తినే. 14 నెలల్లో నా చేతికింద 4 మెషిన్లు తిరిగాయి: ఒక సింగిల్ ఫేజ్ వాక్యూమ్, ఒక త్రీ ఫేజ్ వాక్యూమ్, ఒక ప్రెషర్ వాషర్, ఒక కూర్చుని నడిపే స్వీపర్. మట్టంపల్లి, మేళ్లచెరువు వైపు ప్లాంట్ల నుంచి, దామరచర్లలో కొత్తగా వచ్చిన యాదాద్రి థర్మల్ స్టేషన్ సైట్‌లో కాంట్రాక్టులు చేసేవాళ్ల నుంచి, ఆఖరికి మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మా బావ నుంచి కూడా "ఏది కొనమంటావ్" అని ఫోన్లు వస్తుంటే చెప్పిందే చెప్పలేక ఇది రాస్తున్నా. కంపెనీల పేర్లు చెప్పను. కొటేషన్లు అన్ని రకాలవీ వచ్చాయి. 1906లో డెన్మార్క్‌లో పుట్టిన నిల్‌ఫిస్క్, 1935లో జర్మనీలో పుట్టిన కార్చర్, మన కోయంబత్తూరు రూట్స్ మల్టీక్లీన్, ఇంకా బోర్డు కూడా లేని షెడ్డు వాళ్లవీ వచ్చాయి. నేను తిట్టబోయే మెషిన్లు వీటిలో ఎవరివని ఊహించుకోవద్దు. తప్పు సగం మాదే.

ముందు దుమ్ము గురించి రెండు మాటలు, ఎందుకంటే ఎవరూ దాని గురించి అడగరు, నేరుగా "ఎన్ని హెచ్‌పీ" అంటారు. ఒకే ప్లాంట్‌లో దుమ్ము ఐదారు రకాలు. క్రషర్ దగ్గర సున్నపురాయి చిప్స్, అవి బరువు. కూలర్ కింద క్లింకర్, అంటే కిల్న్ అనే కొలిమిలో కాలి వచ్చిన గడ్డలు, అది ఆకురాయిలా కోస్తుంది, పైగా వేడి. ప్యాకింగ్‌లో సిమెంట్ పిండి, ముఖానికి రాసుకునే పౌడర్‌లా మెత్తగా ఉంటుంది, నీళ్లు తగిలితే రాయి. కోల్ మిల్లు దగ్గర బొగ్గు పొడి, అది దుమ్ము కాదు, అంటుకోవడానికి అదను చూస్తున్న మంట. అన్నింటికీ ఒకే మెషిన్ అని ఎవరైనా అంటే వాళ్లు మీ ప్లాంట్ చూడలేదని అర్థం.

మొదటి మెషిన్ కథ. సింగిల్ ఫేజ్, 3 మోటార్లు, లక్షలోపు ధర, ఎల్-1 (అందరికంటే తక్కువ ధర) గా వచ్చింది కాబట్టి మారుమాట లేకుండా ఆర్డర్ పోయింది. దాన్ని ఎలివేటర్ పిట్‌లోకి దించాం. 4 నిమిషాలు బాగా గుంజింది. ఐదో నిమిషం నుంచి మోటార్ శబ్దం సన్నగా పైకి లేచింది, పైపు మూతి దగ్గర సిమెంట్ కదలడం మానేసింది. మా స్వీపింగ్ గ్యాంగ్‌లో అందరికంటే పెద్దావిడ ఒకామె ఉంది, మేమంతా పెద్దమ్మ అంటాం, ఆమె పైపు నాకు ఇచ్చేసి "సారూ, గిది మొత్తుకునుడే గాని గుంజుడు లేదు" అంది. మూత తీసి చూస్తే ఫిల్టర్ మీద అరంగుళం మందాన పిండి పేరుకుంది, మజ్జిగ చిలికిన కవ్వానికి వెన్న పట్టినట్టు. పక్కన ఒక లివర్ ఉంది, దాన్ని ముందుకు వెనక్కు ఊపితే ఫిల్టర్ దులుపుకుంటుందట. ఊపాం. కొంత రాలింది. మళ్లీ 4 నిమిషాలు. అలా షిఫ్టంతా ఊపుతూ కూర్చోవడానికి ఒక మనిషిని పెట్టాలి, ఆ మనిషి పార పట్టుకుంటే అంతకంటే ఎక్కువ ఎత్తుతాడు.

అది చాలదన్నట్టు 23వ రోజు మొదటి మోటార్ పోయింది. విప్పి చూస్తే మోటార్ లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి, స్ప్రింగ్ అవి రాసుకునే కమ్యుటేటర్‌ను గీకేసింది. సర్వీస్ అబ్బాయి వచ్చి "సార్ మీరు ఎక్కువ వాడారు" అన్నాడు. నిజమే, వాడాం. రోజుకు 18 గంటలు లెక్కేసినా 23 రోజులకు 414 గంటలు. ఈ బ్రష్ మోటార్ల ఆయుష్షు ఉండేదే కొన్ని వందల గంటలు, అవి హోటల్‌లో రోజుకు రెండు గంటలు తిరగడానికి చేసినవి. మూడు షిఫ్టుల ప్లాంట్‌కు బ్రష్ ఉన్న మోటారే పనికిరాదని డెమో రోజు మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. "రోజుకు ఎన్ని గంటలు వరసగా నడపొచ్చు, అది కాగితం మీద రాసివ్వు" అని ఒక్క ప్రశ్న అడిగితే ఆ కొటేషన్ అక్కడే రాలిపోయేది.

ఇక క్యాటలాగ్‌లో ఉండే రెండు అంకెలు. ఒకటి గాలి ఎంత లాగుతుంది, గంటకు ఇన్ని క్యూబిక్ మీటర్లు అని. రెండోది ఎంత బలంగా గుంజుతుంది, ఇన్ని మిల్లీమీటర్ల నీటి మట్టం అని. కొబ్బరిబోండంలో స్ట్రా వేస్తే నీళ్లు ఇట్టే వస్తాయి, అదే స్ట్రా చిక్కటి అంబలి గిన్నెలో వేసి పీల్చి చూడండి, బుగ్గలు లోపలికి పోతాయి కానీ అంబలి రాదు. అంబలికి కావాల్సింది రెండో అంకె. సిమెంట్, క్లింకర్, ఇనుప పొడి లాంటి బరువైనవాటికి, పొడుగు పైపులకు గుంజుడు బలం ముఖ్యం. ఊక, నూలు, చెక్క పొట్టు లాంటి తేలికైనవాటికి గాలి ముఖ్యం. అసలు మోసం ఎక్కడంటే, క్యాటలాగ్‌లో రెండు అంకెలూ గరిష్ఠానివే వేస్తారు, అవి రెండూ ఒకే క్షణంలో ఉండవు. గాలి గరిష్ఠంగా ఉందంటే పైపు ఖాళీగా గాల్లో ఉందని, గుంజుడు గరిష్ఠంగా ఉందంటే పైపు మూతి చేత్తో మూసేశారని. మీ పని ఆ రెండింటి మధ్య ఎక్కడో జరుగుతుంది. అందుకే బ్లోయర్ (గాలి గుంజే ఫ్యాను) గ్రాఫ్ అడగండి, ఎంత గాలి దగ్గర ఎంత గుంజుడో అందులో ఉంటుంది. ఇవ్వనన్నవాడికి టీ ఇచ్చి పంపేయండి.

ఒక షెడ్డు వాళ్ల కొటేషన్‌లో 12,000 మిల్లీమీటర్లు అని రాసుంది. నేను రెండుసార్లు చదివాను. భూమ్మీద గాలి ఒత్తిడి మొత్తం కలిపినా సుమారు 10,300 మిల్లీమీటర్ల నీళ్లే, పూర్తి శూన్యం సృష్టించినా అంతకు మించి గుంజలేం. ఆ కాగితం ఇంకా నా డ్రాయర్‌లో ఉంది, మనసు బాగోలేనప్పుడు తీసి చూసుకుంటా.

రెండోసారి పర్చేజ్ సారుతో నేనే గొడవపడ్డాను. డెమో అంటే ప్లాంట్‌లో అన్నింటికంటే దరిద్రమైన చోటే, ఒక పూర్తి షిఫ్టు, మా మనుషులే నడుపుతారు, మీ అబ్బాయి పక్కన కుర్చీలో కూర్చోవాలి, అని షరతు పెట్టాను. పిలిచిన నాలుగు కంపెనీల వాళ్లలో ఇద్దరు రాలేదు. వచ్చిన ఇద్దరిలో ఒకరి మెషిన్ మధ్యాహ్నం రెండింటికి వేడెక్కి ట్రిప్ అయింది, మే నెల, బయట 45 డిగ్రీలు, షెడ్డులో ఎంతో చూడలేదు. ఆ మెషిన్ చెడ్డదని కాదు, చల్లటి దేశం లెక్కతో చేశారు. మిగిలినదాన్ని కొన్నాం: 7.5 కిలోవాట్ త్రీ ఫేజ్, సైడ్ ఛానెల్ బ్లోయర్. అంటే బ్రష్‌లు ఉండవు, బెల్టులు ఉండవు, ఇంపెల్లర్ నేరుగా మోటార్ షాఫ్ట్ మీదే తిరుగుతుంది, రోజంతా తిరుగుతుంది. క్యాటలాగ్ ప్రకారం 3000 మిల్లీమీటర్ల దాకా గుంజుతుంది. ధర ఐదు లక్షల చిల్లర. సంతకం పెట్టేటప్పుడు నాకే కాస్త చెయ్యి వణికింది.

ఇప్పటికి 11 నెలలు. మోటార్ ముట్టుకోలేదు. దాని అసలు గొప్ప గుంజుడు కాదు, ఫిల్టర్ శుభ్రం చేసుకునే పద్ధతి. కార్ట్రిడ్జ్ ఫిల్టర్లు నాలుగు, ఒక్కోదానిలోకి వంతులవారీగా కంప్రెస్డ్ ఎయిర్ లోపలి నుంచి బయటికి "ఫట్" మని కొడుతుంది, పేరుకున్న పిండి కింద పడిపోతుంది, మెషిన్ ఆపక్కర్లేదు. మన ప్లాంట్ బ్యాగ్ ఫిల్టర్ పనిచేసేది ఇలాగే, దాన్నే చిన్నది చేసి చక్రాల మీద పెట్టారు. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఆ గాలి పొడిగా ఉండాలి. మా ఎయిర్ లైన్‌లో వానాకాలం నీళ్లు వస్తాయి. జులైలో ఒక వారం ఎవరూ డ్రెయిన్ తిప్పలేదు, నీళ్ల గాలి లోపలికి కొట్టి ఫిల్టర్ల మడతల్లో సిమెంట్ గట్టిపడి నాలుగూ పోయాయి. గోటితో గీకితే పలక మీద గీకినట్టు శబ్దం. అది మెషిన్ తప్పు కాదు, నా తప్పు, ఇప్పుడు లైన్‌కు మాయిశ్చర్ సెపరేటర్ పెట్టాం, షిఫ్ట్ మొదట్లో డ్రెయిన్ తిప్పడం లాగ్‌బుక్‌లో రాయాల్సిందే.

రెండో గొప్ప: పిండి ఎక్కడికి పోతుంది. మొదటి మెషిన్‌లో డబ్బా నిండితే క్లిప్పులు తీసి, ఇద్దరు ఎత్తి, తిరగేసి పోయాలి. పోసేటప్పుడు పట్టిన దుమ్ములో సగం మళ్లీ గాల్లో లేచి మన ముక్కులోకే. దీనికి కింద గొట్టంలాంటి ప్లాస్టిక్ సంచి తగిలించుంటుంది, నిండగానే ముడేసి కోసేయడమే. శుభ్రమైన స్పిల్లేజ్ (ఒలికిన సిమెంట్) అయితే జల్లెడ పట్టి తిరిగి సర్క్యూట్‌లో వేసేస్తాం, మంచి రోజున 12 బస్తాలకు సరిపడా దొరుకుతుంది, అంటే 600 కిలోలు. ఈ లెక్క చూపించాకే పర్చేజ్ సారు నాతో మళ్లీ టీ తాగడం మొదలుపెట్టారు.

తిట్లు కూడా ఉన్నాయి. బరువు 300 కిలోలకు దగ్గర, మెట్లు ఎక్కదు. ప్రీహీటర్ (కిల్న్‌లోకి పోయే పిండిని ముందే వేడిచేసే ఎత్తైన టవర్) పై ఫ్లోర్ల సంగతి మర్చిపోండి. కింద పెట్టి పొడుగు పైపు పైకి లాగుదాం అనుకున్నాం, 20 మీటర్లు దాటగానే మూతి దగ్గర బలం సగం కూడా లేదు. పైపు పొడుగయ్యే కొద్దీ, వంపులు పెరిగే కొద్దీ బ్లోయర్ కష్టమంతా పైపుకే పోతుంది. సరైన పద్ధతి ఏంటంటే ఫ్లోర్ ఫ్లోర్‌కూ ఇనుప పైప్‌లైన్ వేసి, ప్రతి చోటా మూత ఉన్న పాయింట్ పెట్టి, అక్కడ చిన్న హోస్ తగిలించుకోవడం, దానికి ఇంతకంటే పెద్ద బ్లోయర్ కావాలి. ఆ ఎస్టిమేట్ వేసుకుని మళ్లీ పర్చేజ్ సారు దగ్గరికి పోవాలి, ధైర్యం కూడగట్టుకుంటున్నా.

హోస్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మెషిన్‌తో వచ్చిన పీవీసీ హోస్ క్లింకర్ దగ్గర మూడు వారాలు నిలిచింది, అదీ వంపు దగ్గరే సరిగ్గా లోపలి నుంచి కోసుకుపోయింది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తిరిగి పాలీయురెథేన్ హోస్ తెచ్చాం, ధర రెట్టింపు కంటే ఎక్కువే, కానీ ఐదు నెలలు అయినా ఉంది. కొనేటప్పుడు లోపల రాగి తీగ లేదా స్టీలు చుట్ట ఉండి, దాన్ని మెషిన్ బాడీకి ఎర్త్ చేసే ఏర్పాటు ఉందో లేదో చూడండి. పొడి పిండి ప్లాస్టిక్ పైపులో వేగంగా పోతుంటే స్టాటిక్ కరెంట్ పుడుతుంది. పాత హోస్‌తో పెద్దమ్మకు మోచేయి దాకా జిల్లుమంది, పైపు అక్కడే వదిలేసి "నేను ముట్ట సారూ దాన్ని, దయ్యం పట్టింది" అని రెండ్రోజులు దాని దగ్గరికే రాలేదు. సిమెంట్ దగ్గర అది జిల్లుమనడంతో పోతుంది, బొగ్గు పొడి దగ్గర ఆ చిన్న మెరుపే చాలు.

కాబట్టి కోల్ మిల్లు దగ్గరికి ఈ మెషిన్‌ను తీసుకుపోనివ్వను. అక్కడికి పేలుడు ప్రమాదం ఉన్న దుమ్ము చోట్లకు, అంటే జోన్ 21, జోన్ 22 అంటారే, వాటికి సర్టిఫికెట్ ఉన్న మెషినే కావాలి. సర్టిఫికెట్ అంటే మోటార్‌కు ఒక్కదానికే కాదు, మొత్తం మెషిన్‌కు ఉండాలి. "మోటార్ ఫ్లేమ్‌ప్రూఫ్ సార్" అని చెప్పి మిగతాదంతా మామూలుది అమ్మేవాళ్లు ఉన్నారు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948లో సెక్షన్ 37 పేలే దుమ్ము గురించే, చదవడానికి అరపేజీ. అదే చట్టంలో 36ఎ కూడా చూడండి, సైలో, ట్యాంకు లాంటి మూసిన చోట్ల తగిన రక్షణ ఏర్పాట్లు లేకుండా 24 వోల్టులు దాటిన కరెంటు సామాను వాడకూడదని అందులో ఉండేది. అందుకే మేం మెషిన్ బయటే పెట్టి హోస్ ఒక్కటే లోపలికి పంపుతాం.

వేడి సరుకు గుంజొద్దు అని మెషిన్ మీద ఎర్ర పెయింట్‌తో రాయించాను. మామూలు పాలిస్టర్ ఫిల్టర్ 130 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, నోమెక్స్ అనే వేడికి తట్టుకునే బట్ట అయితే 200 దాకా. కూలర్ కింద క్లింకర్ పైకి నల్లగా చల్లగా కనిపిస్తుంది, పారతో తిరగేస్తే లోపల ఎర్రగా ఉంటుంది.

ఫిల్టర్ క్లాసుల్లో ఎల్, ఎం, హెచ్ అని మూడుంటాయి. ఎం అంటే 99.9 శాతం పట్టాలి, హెచ్ అంటే 99.995 శాతం. సిమెంట్‌కు ఎం సరిపోతుంది. కిల్న్ లోపల పాత ఇటుకలు పగలగొట్టినప్పుడు వచ్చే దుమ్ములో సిలికా ఉంటుంది, అక్కడికి హెచ్ తప్ప వద్దు, ఊపిరితిత్తులకు స్పేర్ పార్ట్ లేదు.

మా బావ సంగతి. అతనికి రైస్ మిల్లులో ఊక దుమ్ము, తవుడు. "మీ దగ్గరున్నదే పంపియ్యి బామ్మర్దీ, ఒక నెల వాడి ఇస్తా" అన్నాడు. "వద్దు బావా, నీకు పనికిరాదు" అంటే అలిగాడు. నిజంగానే పనికిరాదు. ఊక తేలిక, బస్తాలకొద్దీ ఉంటుంది, దానికి గాలి ఎక్కువ లాగేది, పెద్ద వ్యాసం పైపు, ముందు ఒక సైక్లోన్ డబ్బా (గాలిని గిరగిరా తిప్పి ఊకను కింద పడేసేది) ఉండేది కావాలి. తవుడులో నూనె ఉంటుంది, అది ఫిల్టర్ బట్టకు జిడ్డులా అంటుకుని దులిపినా రాలదు, కాబట్టి నూనె అంటని పూత ఉన్న ఫిల్టర్ అడగాలి. పైగా ధాన్యం దుమ్ము కూడా అంటుకునేదే, నిప్పురవ్వలు చిమ్మే బ్రష్ మోటార్ అక్కడ అసలు వద్దు. చివరికి బావ సెంట్రల్ లైన్ పెట్టించుకున్నాడు, నన్ను ఓపెనింగ్‌కు పిలిచాడు, బిర్యానీ బాగుంది.

ప్రెషర్ వాషర్. ఇది లోడర్లు, డంపర్లు కడిగే గ్యారేజ్ కోసం. ఇక్కడ ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకుంటే ఎవడూ మిమ్మల్ని మోసం చేయలేడు: బార్‌ను (నీటి ఒత్తిడి కొలత) నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగించండి, కిలోవాట్లు వస్తాయి. 200 బార్, 15 లీటర్లు అంటే 5 కిలోవాట్లు నీళ్లకే కావాలి, పంపులో పోయేది కలుపుకుంటే 7.5 హెచ్‌పీ మోటార్. ఒకాయన 5 హెచ్‌పీ మోటార్‌తో 250 బార్, 15 లీటర్లు ఇస్తానన్నాడు. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు, ఆయన చెప్పినదానికి 6.25 కావాలి. "మిగతాది దేవుడిస్తాడా అన్నా" అని అడిగితే ఫోన్ పెట్టేశాడు. పంపు 2800 ఆర్‌పీఎం కాకుండా 1450 ఆర్‌పీఎంది తీసుకోండి, నిదానంగా తిరిగేది ఎక్కువకాలం బతుకుతుంది.

మాది మంచి మెషినే, మట్టి, గ్రీజు కలిసి పలకలు కట్టిన ట్రాక్ చెయిన్‌ను కూడా వదిలిస్తుంది. ఇబ్బందంతా నీళ్లతో. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, కానీ పంపును తినేది అది కాదు, బోరు నీళ్ల గట్టిదనం. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుందే, అదే నాజిల్‌లోనూ, వేడినీళ్ల మోడల్ అయితే కాయిల్‌లోనూ కడుతుంది. కొలీగ్ ఒకరి ప్లాంట్‌లో వేడినీళ్ల మెషిన్ కాయిల్ ఏడాదిన్నరకు మూసుకుపోయింది, కాయిల్ ధరకు సగం మెషిన్ వస్తుంది. గ్రీజు ఎక్కువైతే వేడినీళ్లది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కాదనను, కానీ సాఫ్ట్‌నర్ పెట్టే ఓపిక ఉంటేనే. ప్రెషర్ తగ్గిందని పంపు విప్పకముందు నాజిల్ మార్చి చూడండి. చిల్లు అరిగి పెద్దదైతే ప్రెషర్ పడిపోతుంది, కొన్ని వందల రూపాయల ముక్క. మా ఫిట్టర్ అది తెలియక పంపు మొత్తం విప్పి ఒక రోజంతా పోగొట్టాడు. గన్ వదిలేసి మోటార్ ఆపకుండా టీకి పోయే అలవాటు ఇంకోటి, నీళ్లు లోపలే గిరగిరా తిరిగి వేడెక్కి సీల్స్ మాడిపోతాయి, గన్ వదలగానే మోటార్ తనే ఆగిపోయే ఏర్పాటు ఉన్నది కొంటే ఆ తలనొప్పి ఉండదు.

ఆ నీటి దెబ్బ కాలికి తగిలితే చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండదు. అయినా వెంటనే ఆసుపత్రికి పోయి ప్రెషర్ నీళ్లు చర్మం లోపలికి పోయాయని డాక్టర్‌కు చెప్పాలి, బ్యాండేజ్ వేసి పంపించే గాయం కాదది. గమ్‌బూట్లు లేకుండా గన్ ముట్టనివ్వను.

ఇక ఈ వాషర్‌తో జరిగిన ఘనకార్యం. ఆడిట్ వాళ్లు వస్తున్నారని కొత్త సూపర్‌వైజర్ ఒకాయన ఆదివారం రాత్రి దీన్ని ప్యాకింగ్ ప్లాంట్‌కు తోసుకుపోయి ఫ్లోరంతా తళతళలాడేలా కడిగించాడు. పొద్దున చూస్తే నిజంగానే తళతళలాడుతోంది. కడిగిన సిమెంటంతా డ్రెయిన్‌లోకి పోయి, అక్కడ హాయిగా సెట్ అయి, డ్రెయిన్ డ్రెయిన్‌లా కాకుండా ఫుట్‌పాత్‌లా తయారైంది. రెండ్రోజులు చిప్పింగ్ హామర్‌తో కొట్టాం. ఆడిట్ వాళ్లు ఆ శబ్దం మధ్యే తిరిగిపోయారు. ప్రీహీటర్ సైక్లోన్ జామ్ అయినప్పుడు కూడా "వాషర్ ఉందిగా" అనే మహానుభావులు ఉంటారు. అది వందల డిగ్రీల పిండి ఒక్కసారిగా మీదికి దూకే చోటు, అక్కడి మెషిన్లు వేరు, మనుషులు వేరు, ట్రైనింగ్ వేరు, ఈ రివ్యూలో దానికి చోటు లేదు.

స్వీపర్ గురించి ఎక్కువ రాయను. కూర్చుని నడిపేది, బ్యాటరీది, మెయిన్ బ్రష్ ఒకటి, పక్క బ్రష్‌లు రెండు. ప్లాంట్ లోపలి సీసీ రోడ్ల మీద రాజా. 8 మంది ఊడ్చేది ఇద్దరు పూర్తిచేస్తారు. గుంతల రోడ్డు మీద, తడి రోడ్డు మీద దండగ. తడి సిమెంట్ హాపర్‌లోకి పోతే ఏమవుతుందో పైన చెప్పాను కదా. పక్క బ్రష్‌లు దుమ్ము లేపుతాయి, వాటి వేగం తగ్గించుకునే నాబ్ ఉన్నది చూసుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీలకు డిస్టిల్డ్ వాటర్ పోయడం మర్చిపోతే మన ఎండలకు ఏడాది కూడా ఆగవు, ఛార్జింగ్ పెట్టే గదికి కిటికీ ఉండాలి, హైడ్రోజన్ వస్తుంది. నున్నటి ఎపాక్సీ ఫ్లోర్ మీద వాడే, ఫ్లోర్ రుద్ది కడిగి నీళ్లు పీల్చేసే స్క్రబ్బర్ డ్రయర్‌ను కూడా మాకు అంటగట్టబోయారు. మా దగ్గర నున్నటి ఫ్లోర్ ఉన్నది ఎండీ గారి గది ఒక్కటే.

సర్వీస్‌కు వస్తే, మేం హైదరాబాద్‌కు 150 కిలోమీటర్ల పైన ఉన్నాం, "ఇవాళే వస్తా సార్" అనే మాటకు ఇక్కడ అర్థం ఎల్లుండి. త్రీ ఫేజ్ మెషిన్ వాళ్లు మర్యాదస్తులే, ఫోన్ ఎత్తుతారు, వీడియో కాల్‌లో చూసి చెబుతారు. కానీ జులైలో ఫిల్టర్లు పోయినప్పుడు కొత్తవి రావడానికి 6 వారాలు పట్టింది, ఆ 6 వారాలూ ఐదు లక్షల మెషిన్ టార్పాలిన్ కప్పుకుని నిద్రపోయింది, మేం మళ్లీ పార, తట్ట. అప్పుడు తెలిసింది, మెషిన్ ఆర్డర్‌లోనే ఒక సెట్ ఫిల్టర్లు, ఒక హోస్, ఫిల్టర్లలోకి గాలి వదిలే సోలెనాయిడ్ వాల్వ్‌లు రెండు, రబ్బరు గాస్కెట్లు కలిపి రాయించుకోవాలని. విడిగా తర్వాత ఇండెంట్ పెడితే "ఇప్పుడు పోలేదు కదా" అంటారు స్టోర్స్ వాళ్లు, పోయాక "ముందే ఎందుకు పెట్టలేదు" అంటారు.

మార్కులు అడుగుతారు కాబట్టి: త్రీ ఫేజ్ వాక్యూమ్‌కు 10కి 8, రెండు మార్కులు ఆ ఫిల్టర్ల ఆలస్యానికీ బరువుకీ కట్. వాషర్‌కు 7. స్వీపర్‌కు రోడ్డు మీద 9, షెడ్డులో సున్నా. మొదటి సింగిల్ ఫేజ్ మెషిన్‌కు మార్కులు లేవు, అది ఇప్పుడు కంట్రోల్ రూమ్‌లో ప్యానెళ్లు తుడవడానికి వాడుతున్నాం, అక్కడ మాత్రం చక్కగా ఉంది పాపం, దాన్ని పుట్టించిందే ఆ పనికి.

ఇంకోటి మర్చిపోయా. త్రీ ఫేజ్ మెషిన్‌తో వచ్చిన స్టీలు గొట్టం, చేత్తో పట్టుకునేది, నిలబడి ఊడ్చే ఆరడుగుల మనిషికి చేసినట్టుంది. మావాళ్లు కన్వేయర్ టెయిల్ పుల్లీ కింద గొంతుక్కూర్చుని పనిచేస్తారు, అంత పొడుగు గొట్టం అక్కడ తిరగదు, మణికట్టు లాగేస్తుంది. రెండు నెలలు ఎవరూ చెప్పలేదు, పైపు మూతి తీసేసి వట్టి హోస్‌తోనే గుంజుతున్నారు. ఎందుకమ్మా అంటే పెద్దమ్మ ఆ గొట్టం మోకాలి పక్కన పెట్టి కొలిచి చూపించింది. వర్క్‌షాప్‌లో అడుగున్నర కోయించి, స్క్రాప్ యార్డులో దొరికిన పైపు ముక్కతో అడ్డంగా పిడి వెల్డింగ్ చేయించాం. ఇప్పుడు పాత గొట్టాన్ని ఎవరూ ముట్టరు, ఇలాంటివే ఇంకో రెండు చేయించమని ఆమె రోజూ గుర్తుచేస్తోంది.